ఇసుక సంచి ఉపవాసం ఉండదు

ఆ పిల్లని చంపబోయేది మీరే. రోమా సైనికుల వేషాలేసుకుని స్టేజీ మీద నిలబడ్డ ఆ పన్నెండు మంది కాదు, వాళ్ళ చేతుల్లో ఉన్నవి అట్టకత్తులు. మీరు. రెండో అంతస్తు బాక్సులో మఖమల్ కుర్చీలో బిషప్పుగారి పక్కన ఒదిగి కూర్చున్న సూపరింటెండెంట్ మాలగూతి గారూ, మీరు. కళ్ళు మూసుకుని వేలితో తాళం వేసుకుంటున్న దర్శకుడు బిస్కారీ, నువ్వు. స్టేజీకి పైనున్న ఈ అటక మీద నాకు రెండడుగుల దూరంలో నిలబడి, జేబులో చెయ్యి పెట్టి జపమాల నలుపుకుంటున్న మా పెద్దమేస్త్రీ గాస్పెరో, నువ్వు కూడా. ఇంకొకడున్నాడు, వాడి సంగతి తర్వాత. కింద లివియా పాడుతోంది, ఆమె గొంతు ఈ పన్నెండు మీటర్లూ ఎక్కి వచ్చి నా మోకాళ్ళకి తగులుతోంది. నా చేతిలో బ్రేకు కర్ర ఉంది. రెండో భాగంలో నేనీ కర్ర వదిలితే ఆమె స్వర్గానికి లేవాలి. లేస్తుంది. ఎంత వేగంగా లేస్తుందో నాకు తెలుసు, మీకు తెలీదు, తెలుసుకోబుద్ధి కాలేదు మీకు.

నాలుగ్గంటలకి మొదలుపెట్టారు. పవిత్ర వారం, బుధవారం, రేపటి ప్రదర్శనకి ఇవాళ పూర్తి రిహార్సల్, అయినా హాలు నిండిపోయింది, సిస్టర్లు, బడిపిల్లలు, చక్కెర మిల్లు నుంచి రిటైరైనవాళ్ళు, పైన చవక సీట్లలో లివియా తండ్రి వాస్కో త్రెబ్బి. వాడి బట్టతల నాకు ఇక్కణ్ణించి కనిపిస్తోంది. పెళ్ళికీ చావుకీ వేసుకునే ఆ ఒక్క కోటే వేసుకొచ్చాడు. వాడూ నేనూ పదకొండేళ్ళు ఒకే షిఫ్టులో బీట్‌రూట్ దుంపలు దింపాం, చేతులు పుళ్ళు పడేవి, వాడు పాడేవాడు, నేను తిట్టేవాణ్ణి. కూతురికి వాడి గొంతొచ్చింది. నాకు పిల్లల్లేరు, ఉంటే వాళ్ళకి నా తిట్లొచ్చేవి. నా పేరే రిబెల్లె, తిరగబడేవాడు అని మా నాన్న పెట్టాడు, తాపీపని చేసేవాడు, అరాచకవాది, పాదిరి ఆ పేరుతో జ్ఞానస్నానం ఇవ్వనన్నాడట, అయితే వద్దులే నీళ్ళు ఇంట్లోనే ఉన్నాయి అని మా నాన్న నన్నెత్తుకుని వచ్చేశాడట. మా ఊరు బోర్గోసెక్కోలో ఇలాంటి పేర్లవాళ్ళం ప్రతి వీధిలో ఉన్నాం, అయినా ఊరి పాలక పునీతురాలు సాంతా మార్జియా ఊరేగింపు వచ్చినప్పుడు టోపీ తీసేస్తాం. ఎందుకు తీస్తాం? అడగకు. చేతులు వాటంతటవే తీస్తాయి.

వయొలిన్లు దిగుతున్నాయి, నాలుగు మెట్లు దిగి మళ్ళీ పైకొచ్చి మళ్ళీ అవే నాలుగు మెట్లు. చెరసాల పాట. ఇంకో అరగంట ఉంది మొదటి భాగం అయిపోవడానికి. పైన నా నెత్తి మీద కప్పీలు, కప్పీల మీదుగా వెళ్ళే తాడు. థియేటర్‌లో తాడు అనే మాట అనకూడదు, అన్నవాడు అందరికీ వైను పోయించాలి, తీగ అంటాం, లాగుడు అంటాం, ఏదో ఒకటంటాం. నేను నా తలలోనే అంటున్నాను కాబట్టి ఎవరికీ బాకీ లేను. తాడు, తాడు, తాడు. ఈ కొస ఆమె నడుముకి కట్టిన తోలుపట్టా వెనక కొక్కేనికి, ఆ కొస ఇక్కడ నా భుజం పక్కన వేలాడే ఇనపబోనుకి. బోనులో ఇనపదిమ్మలు. మనిషి బరువు ఎంతో దిమ్మల బరువు అంత, ఇంకో మూడు కిలోలు ఎక్కువ. చేతులతో లాగితే కుదుపు తెలుస్తుంది, మనుషులు లాగినట్టుంటుంది అన్నాడు బిస్కారి, దేవుడు కుదుపుతాడా అన్నాడు, ఆమె తనంతట తను ఆవిరిలాగా లేవాలన్నాడు. సరే అన్నాం. బ్రేకు వదిలితే ఆ మూడు కిలోల తేడాకి మెల్లగా లేస్తుంది. ఇసుక సంచితో నలభైసార్లు లేపాం, పాలు పొంగినట్టు లేచింది.

నా ఎదురుగా గోడ. సున్నపు గోడ మీద బొగ్గుతో పేర్లు. నూటయాభై ఏళ్ళుగా ఈ థియేటర్‌లో ఎగిరినవాళ్ళందరి పేర్లూ, పక్కన కిలోలు. దేవదూతలు, మంత్రగత్తెలు, మేఘం మీద కూర్చున్న ఒక లావుపాటి జూపిటర్, నూట నాలుగు. ఎవరినైనా ఒక్కసారే తూస్తాం. చక్కెర మిల్లు నుంచి దుంపలు తూచే కాటా తెచ్చి, స్టేజీ నడిమధ్య పెట్టి, మేస్త్రీ అంకె చెబితే అటక మీదవాడు గోడ మీద రాస్తాడు. అంతే. రెండోసారి తూచకూడదు. రెండో తూకం శవపెట్టెకి అంటారు. రాసిన అంకె చెరపకూడదు, మనిషి పోయినప్పుడే దాని మీద అడ్డగీత. గాస్పెరో తాత కాలం నుంచీ అంతే. నేను నవ్వేవాణ్ణి. నవ్వుతూ నవ్వుతూ పాటించేవాణ్ణి, టోపీ తీసినట్టే. ఆ గోడ మీద చివరి వరస నా చేతిరాత. లివియా త్రెబ్బి, అరవై ఒకటి. కార్నివాల్ చివరి మంగళవారం రాశాను. ఆ రోజు వాళ్ళత్త ఇంట్లో పండుగ పిండివంటలు తిని నేరుగా వచ్చింది, పెదాల మీద పంచదార పొడి ఉంది, కాటా ఎక్కి, బాబాయ్, ఇందులో ఆరు ఉండలు మా అత్తవి, అవి తీసేసి రాయి, అని కిందనుంచి అరిచింది. అందరూ నవ్వారు. నేను అరవై ఒకటే రాశాను. మర్నాడు విభూది బుధవారం. నలభై రోజుల తపస్సుకాలం, ఉపవాసాల కాలం, ఆ రోజే మొదలవుతుందని ఈ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. తూకం చూసిన ఇంతమందిలో ఆ అంకె నిలవదని ఎవడికీ తట్టలేదు.

అసలిది స్టేజీ కోసం రాసింది కాదు. ఒరతోరియో ఇది, గొంతుతోనే చెప్పే భక్తికథ, మూడు వందల ఏళ్ళ కిందట మా చర్చిలో గాయకబృందాన్ని నడిపిన ఒక సన్యాసి రాశాడు, తపస్సుకాలంలో నాటకశాలలు మూసేసేవాళ్ళు కాబట్టి జనం పాట కోసం మొహం వాచి ఉండేవాళ్ళు, అప్పుడు ప్రార్థనా మందిరంలో నల్లబట్టలు వేసుకుని, పుస్తకం చేత్తో పట్టుకుని, కదలకుండా నిలబడి పాడేవాళ్ళు. వేషం లేదు, తెర లేదు, ఎగరడం లేదు. కుమ్మరి కూతురు మార్జియా చక్రవర్తి బొమ్మకి ధూపం వెయ్యనంది, సున్నపుబట్టీ మీద వేలాడదీశారు, మంట అంటలేదు, పైకి లేచిపోయింది, హతసాక్షి అయింది. ఆ లేవడం అంతా గొంతులోనే జరిగేది. విన్నవాడు లోపల చూసుకునేవాడు. రెండు భాగాలకి మధ్య పాదిరి లేచి ప్రసంగం చేసేవాడు. చర్చి బీరువాలో దొరికిన రాతప్రతి నేను చూశాను, రాత్రిబడిలో చదువుకున్న లాటిన్ ముక్కలతో కూడబలుక్కుని చదివాను, మొదటి భాగం చివర ఎర్రసిరాతో రాసి ఉంది, ఇక్కడ ప్రసంగం అని. బిస్కారి ప్రసంగం కొట్టేశాడు. దాని బదులు నిశ్శబ్దం పెట్టాడు. తెర పడదు, దీపం ఆరదు, భటులు ఆమెకి కొక్కెం తగిలిస్తారు, వాద్యాలు ఆగుతాయి, ఒక నిమిషం ఎవరూ కదలరు. ఆ నిమిషం నాటకం మొత్తానికీ ప్రాణం అన్నాడు. మిలాన్ నుంచి వచ్చాడు కదా, ప్రాణం అనే మాట చవగ్గా వాడతాడు.

ఇంకొకటి కూడా అన్నాడు. మార్చి మొదట్లో, రిహార్సల్ మధ్యలో, అందరి ముందూ. సిన్యోరీనా, రెండు వారాలు చెరలో ఉన్న మనిషికి ఇంత నిండు బుగ్గలుంటే మూడో వరసవాడు కూడా నమ్మడు, అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ పిల్ల ఎర్రబడింది, నవ్వింది. అప్పటికే బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేది, భక్తి ఉన్న పిల్ల. ఆ రోజు నుంచి అన్ని రోజులూ బుధవారాలే అయ్యాయి. రొట్టె, నీళ్ళు. తర్వాత సగం రొట్టె. తర్వాత ఏమిటో ఆమెకే తెలియాలి. తండ్రికి థియేటర్‌లో తిన్నానని చెప్పింది, థియేటర్‌లో ఇంట్లో తిన్నానని చెప్పింది. గొంతు మాత్రం తేలికైంది, నిజమే, అద్దంలా అయింది, అది విని బిస్కారి కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఇదే, ఇదే కావాలి అన్నాడు. ఎగరడం మాత్రం ఒక్కసారి కూడా చేయించలేదు. మొదటిసారి నేల వదిలినప్పుడు మనిషి మొహంలో వచ్చే ఆశ్చర్యం రెండోసారి రాదట, జనం ముందే రావాలట. అందుకని ఇసుక సంచి. కార్నివాల్ మంగళవారం అరవై ఒక్క కిలోలకి నింపి మూతి కుట్టిన సంచి. ఇసుక సంచి ఉపవాసం ఉండదు. పవిత్ర వారం వచ్చినా దాని బుగ్గలు దానివే.

పొద్దున బట్టలు కుట్టే దిర్చె నా దగ్గరికొచ్చి కాఫీ తాగుతూ, గౌను మూడోసారి బిగించానురా రిబెల్లె, నాలుగు వేళ్ళు లోపలికి మడిచాను, అయినా తుంటి మీద నిలవడం లేదు, పిన్నీసులు ఎముకకి గుచ్చుకుంటున్నాయి అంది. నేనేదో బీమా కాగితం గురించి ఆలోచిస్తున్నాను, ఊఁ అన్నాను. తర్వాత మెట్ల మీద లివియా ఎదురైంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది, ఊపిరి అందుకుంటోంది. మోచెయ్యి పట్టుకుని రెండు మెట్లు ఎక్కించాను. అంతే, రెండు మెట్లు. నా చేతికి తెలిసిపోయింది. ఆ బరువు నాకు తెలుసు. పందొమ్మిది వందల నలభై నాలుగు శీతాకాలం, యుద్ధం మా నదిని దాటలేక ఇవతలే ఆగిపోయిన శీతాకాలం, అమ్మ తన రొట్టె నాకు పెట్టి, తిన్నాన్రా, నువ్వు చూడలేదు అనేది. నాకు పదకొండేళ్ళు. జనవరిలో ఒకరోజు మంచం మీద నుంచి కిందికి జారింది, నేనే ఎత్తాను, పదకొండేళ్ళవాణ్ణి మా అమ్మని ఎత్తగలిగాను, ఎత్తగలిగినందుకు ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా, చూడు నాకెంత బలమొచ్చిందో అనుకున్నాను. బలం నాది కాదు. అమ్మలో మనిషే మిగల్లేదు. ఆ గర్వం ఇప్పటికీ గొంతులో ఎముకలా ఉంది. ఆ మోచెయ్యి మళ్ళీ ఇవాళ పొద్దున నా చేతిలో ఉంది.

ఏమైనా తిన్నావే, అన్నాను. ఆదివారం పాస్కా పండుగ తర్వాత తింటాను బాబాయ్, అంది. ఎందుకే ఇది, ఆ మిలాన్‌వాడి కోసమా, అన్నాను. ఆయన కోసం కాదు, నేను పాడేటప్పుడు మార్జియా రావాలి, నేను నిండా ఉంటే ఆవిడకి చోటెక్కడ, అంది. నేనొక నాస్తికుణ్ణి, పునీతురాళ్ళందరినీ కలిపి తిట్టాను. నాన్నకి చెప్పకు, అంది. ఒట్టు పెట్టించుకుంది. దేన్నీ నమ్మనివాడు దేని మీద ఒట్టేస్తాడు? అయినా వేశాను.

మధ్యాహ్నం మాలగూతి గారి గదికి వెళ్ళాను. మళ్ళీ తూచాలి అన్నాను. ఆయన ముందు నా మొహం చూసి నిట్టూర్చాడు, నేను కనిపిస్తే ఆయనకి సమ్మె కనిపిస్తుంది. మూడుసార్లు తెర ఆపినవాణ్ణి, ఒకసారి ఓవర్‌టైం కోసం, ఒకసారి అటక మెట్లు పుచ్చిపోయినందుకు, ఒకసారి నిజం చెప్పాలంటే ఆయన్ని ఏడిపించడానికే. ఆ మూడోది ఇవాళ నా మెడకి చుట్టుకుంది. కాటా మిల్లుకి వెళ్ళిపోయింది, బిషప్పు నాలుగింటికి వస్తున్నాడు, అయినా మీ మేస్త్రీయే ఒప్పుకోడు కదయ్యా, అన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. గాస్పెరో సిలువ గీసుకుని, రెండో తూకం దేనికో తెలుసుగా, ఆ పిల్ల మీద అంత పగేంట్రా నీకు, అన్నాడు. అంతటితో ఆగక, నేనేదైనా చేస్తానేమోనని ఇనపబోనుకి తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకున్నాడు. బిస్కారి అయితే వినను కూడా లేదు, ప్రదర్శన ముందు నాతో అంకెలు మాట్లాడొద్దు, అన్నాడు. తాళం లేకపోయినా ఏం చేసేవాణ్ణి? ఎన్ని దిమ్మలు తియ్యను? ఊహతో నాలుగు తీసి అది తప్పయితే ఆమె లేవడం కాదు పడుతుంది, కింద సున్నపుబట్టీ కోసం పలక తెరిచి ఉంది, దాని కింద దీపాలూ ఇనపచువ్వలూ. ఎక్కువైనా చావే, తక్కువైనా చావే. ఊహ పనికిరాదు. అంకె కావాలి. ఒక్క అంకె.

వాద్యాలు మారాయి. ఆర్గన్ వచ్చింది. ఇంకో పది నిమిషాలు. ఊదారంగు గుడ్డ దింపాల్సింది ఇక్కడే, కానీ దింపడం లేదు, ఎందుకంటే మేం గెలిచాం కదా. తపస్సుకాలంలో చర్చి అంతా ఊదారంగు, ఆ కాలంలోనే నాటకాలు ఆగిపోయి మా తాతలు పస్తులున్నారు, అందుకని ఆ రంగు స్టేజీ మీద అపశకునం. బిస్కారి ఊదారంగు తెర తెప్పిస్తే మేం పదహారు మందిమీ పనిముట్లు కింద పెట్టేశాం. నేనే ముందు నిలబడ్డాను. బల్ల ఎక్కి అరగంట మాట్లాడాను, పస్తుల చరిత్ర మొత్తం చెప్పాను, చప్పట్లు కొట్టారు, తెర మార్చారు. అప్పుడు లివియా పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. శాలువా కప్పుకుని. నేను పస్తుల గురించి మాట్లాడుతుంటే పస్తున్న మనిషి నా ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టింది. ఒక గుడ్డముక్క రంగు మీద పని ఆపినవాణ్ణి, మనిషి బరువు మీద ఆపలేదు. ఆ అరవై ఒకటి రాసింది ఎవడు? దిమ్మలు పేర్చింది ఎవడు? మొదటి నేరస్తుల జాబితాలో ఒకడి పేరు దాచానన్నానే, వాడు. రిబెల్లె. తిరగబడేవాడు. మిల్లులో నెల్లో అనేవాడు కన్వేయర్‌లో పడి చచ్చిపోయినప్పుడు విచారణలో ప్రమాదం అని రాశారు, నేను గుమ్మం దగ్గర నిలబడి మూడు రోజులు అరిచాను, గొలుసు తెగుతుందని అందరికీ తెలుసు, తెలిసినవాళ్ళందరూ హంతకులే అని. అందరికీ. నేనన్న మాటే అది. ఇవాళ నాకు తెలుసు.

ఇప్పుడామె ఒంటరిగా పాడుతోంది. నా దేహం మట్టి, మా నాన్న చేతిలో మట్టి, అని. వాస్కో ముందుకి వంగాడు. ఏడుస్తున్నాడనుకుంటాను, గర్వంతో. వాడికి తెలీదు. వాడి కూతురు ఇలా పాడగలగడానికి ఏం ఖర్చవుతోందో వాడికి తెలీదు, చెప్పనని ఒట్టేశాను. నాకు కూడా, ఒప్పుకుంటాను, ఒళ్ళు జలదరిస్తోంది. అందం అది. నిజమైన అందం. అదే భయం నాకు. చక్కెర మిల్లు యజమాని చేసేది దోపిడీ అని చెప్పడం తేలిక, వాడు వికారంగా ఉంటాడు. ఇది అందంగా ఉంది, దీని ముందు బిషప్పు నుంచి బడిపిల్లాడి దాకా అందరూ నోరు తెరుచుకుని కూర్చున్నారు, ఇదింత అందంగా ఉన్నంతసేపూ ఎవడూ లేచి, అమ్మాయీ, అన్నం తిన్నావా అని అడగడు. పాత సన్యాసికి తెలుసు కాబోలు. అందుకే మధ్యలో ఆపి ప్రసంగం పెట్టాడు. పాట మత్తులోంచి జనాన్ని ఒకసారి బయటికి లాగాలని.

చివరి స్వరం. అయిపోయింది. భటులు ఇద్దరు వెనక నుంచి వచ్చారు. టక్కుమంది కొక్కెం, ఆ చప్పుడు తాడెక్కి నా అరచేతిలోకి వచ్చింది. వాద్యాలు ఆగాయి. కింద సున్నపుబట్టీ ఎర్రగా వెలిగింది. గాస్పెరో ఊపిరి బిగబట్టాడు. బిస్కారి కోరుకున్న నిశ్శబ్దం ఇదే, ఇక్కడ ప్రసంగం అని ఎర్రసిరాతో రాసి ఉన్న చోటు ఇదే. నేను అటక అంచుకి జరిగి, బ్రేకు కర్ర చంకలో ఇరికించుకుని, కిందికి వంగాను.

"లివియా విభూది బుధవారం నుంచీ సరిగ్గా తిండి తినడం లేదు," అన్నాను. అరవలేదు. మూడు వందల మంది తలలు పైకి లేచాయి. "ఆ కొక్కేనికి అటు చివర ఉన్న ఇనుము కార్నివాల్ నాటి లివియాది. నేనిది వదిలితే ఆమె ఈ దూలాలకి కొట్టుకుంటుంది. ఆ ఇనుము పేర్చింది నేను."

ఆమె తలెత్తి నన్ను చూసింది, ఆ మొహంలో బిస్కారి కోరిన ఆశ్చర్యం లేదు, కోపముంది. "వదిలెయ్ బాబాయ్," అంది, మెల్లగా, నాకు మాత్రమే వినిపించేలా, కానీ ఈ హాలు అలా కట్టారు, గుసగుస కూడా చివరి వరసకి వెళ్తుంది. వదలనే తల్లీ. ఒట్టు తప్పాను, నీ ఉపవాసం తప్పిస్తాను, నీ పునీతురాలికి నేను జవాబు చెప్పుకుంటాను. మాలగూతి గారూ, కుర్చీలోంచి లేవండి, ఆ ఇద్దరు భటులకీ చెప్పండి, ముందు కొక్కెం తియ్యమనండి, ఇప్పుడే, అందరూ చూస్తుండగా. బిస్కారీ, అంకె వచ్చేదాకా నోరు మూసుకో. వాస్కో, నీ మూడుచక్రాల బండి బయటే ఉంది కదరా, మిల్లుకి వెళ్ళి కాటా పట్రా, వచ్చేటప్పుడు దారిలో రొట్టె కూడా పట్రా. స్టేజీ నడిమధ్య పెట్టి తూచండి ఈ పిల్లని, రెండోసారి, బతికుండగా. అంతదాకా ఈ కర్ర నా చంకలోంచి కదలదు. గాస్పెరో, ఆ తాళంచెవి ఇలా తియ్యి. బొగ్గుముక్క కూడా ఇటివ్వు.